పట్టా మీద సంతకం ఎవరిది?

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి కర్నూలులోని మా ఇంటి గడప ముందు చెప్పుల జతలు పెరుగుతాయి. నేను 1990లో ఒక ఎయిడెడ్ డిగ్రీ కళాశాల ఆఫీసులో చేరి, 32 ఏళ్లు పనిచేసి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. అడ్మిషన్ రిజిస్టర్లు, టీసీ పుస్తకాలు, పరీక్ష ఫీజుల లెక్కలు, విశ్వవిద్యాలయానికి పంపే నామినల్ రోల్స్, వీటి మధ్యే నా వయసంతా గడిచింది. అందుకే మా వీధివాళ్లు, వాళ్ల చుట్టాలు, మా పనిమనిషి అక్క కొడుకు, అందరూ ఫైళ్లు చంకన పెట్టుకుని వస్తారు. అడిగేది ఒకటే: "మేడం, ఏ కాలేజీలో వేయమంటారు?"

జవాబు చెప్పేముందు నేను ఇంకో ప్రశ్న వేస్తాను. "చదువు అయ్యాక పట్టా ఎవరిస్తారమ్మా?" చాలామంది కాలేజీ పేరే చెబుతారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది. మన దేశంలో ఎక్కువ భాగం పాఠం చెప్పేది ఒకరు, పట్టా ఇచ్చేది మరొకరు, ఆ కోర్సు నడపడానికి అనుమతి ఇచ్చేది ఇంకొకరు. ఆ ముగ్గురూ ఎవరో ఫీజు కట్టకముందే తెలుసుకోవాలి. అదెలాగో నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

మూడు కాగితాలు

ముందుగా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన వాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కాగితాలు బీరువాలోంచి తీసి చాప మీద పరవండి. టీసీ కింద ప్రిన్సిపాల్ సంతకం ఉంటుంది. అంటే ఈ విద్యార్థి మా దగ్గర ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చదివాడని కాలేజీ చెబుతోంది. మార్కుల మెమో మీద కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ సంతకం ఉంటుంది. పరీక్ష పెట్టిందెవరో దాన్నిబట్టి తెలుస్తుంది. ఇక అసలు పట్టా, మేము ఆఫీసులో ఓడీ అనేది, దాని మీద ఉండేది వైస్ చాన్సలర్ సంతకం. దాన్ని కాలేజీ ఇవ్వలేదు. ఎన్ని అంతస్తుల భవనం ఉన్నా, ఎన్ని బస్సులు తిరుగుతున్నా, విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న కాలేజీకి పట్టా ఇచ్చే హక్కు లేదు.

మా ఇంట్లో మూడు పట్టాలున్నాయి. నేను 1980లో బీకాం పూర్తిచేశాను; నా పట్టా మీద తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ముద్ర ఉంది. అదే కాలేజీలో 2003లో చదువు ముగించిన మా ఆడపడుచు కొడుకు పట్టా అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఇచ్చింది. మా అమ్మాయి కూడా అక్కడే చదివింది, 2013లో. ఆమెకు పట్టా ఇచ్చింది కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయం. కాలేజీ అంగుళం కదల్లేదు. గేటు పక్క వేపచెట్టు కూడా అలాగే ఉంది. మారింది అనుబంధం. 1954లో తిరుపతిలో, 1981లో అనంతపురంలో, 2008లో కర్నూలులో విశ్వవిద్యాలయాలు వచ్చినకొద్దీ మా కాలేజీ ఒకదాని నీడ నుంచి మరోదాని నీడకు వెళ్లింది.

ఇది పాత ముచ్చటగా చెప్పడం లేదు. పదిహేను, ఇరవై ఏళ్ల కిందట డిగ్రీ పాసై, అసలు పట్టాకు ముందు తాత్కాలికంగా ఇచ్చే ప్రొవిజనల్‌తోనే ఉద్యోగంలో చేరి, ఓడీ తీసుకోనివాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ప్రమోషన్ దగ్గరికి వచ్చేసరికి పరుగెత్తుకొస్తారు. రాయలసీమ విశ్వవిద్యాలయానికి వెళ్లి, వరుసలో నిలబడి, తమ హాల్ టికెట్ నంబరు అక్కడి రికార్డులో లేదని తెలిసి డీలాపడతారు. వాళ్లు వెళ్లాల్సింది అనంతపురం దగ్గర ఇటుకలపల్లికి. పరీక్ష ఏ విశ్వవిద్యాలయం పెట్టిందో పట్టా కోసం అక్కడికే వెళ్లాలి. బయలుదేరే ముందు మెమో పైభాగంలో ఏ పేరు అచ్చయి ఉందో చూసుకుంటే ఒక రోజు, బస్సు చార్జీలు రెండూ మిగులుతాయి.

పట్టా ఇచ్చే హక్కు ఎవరికుంది

చట్టం ఈ విషయంలో చాలా సూటిగా ఉంది. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అందరూ యూజీసీ అనేది, 1953లో మొదలై 1956 చట్టంతో గట్టి పునాది మీద నిలబడింది. ఆ చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం పట్టా ఇవ్వగలిగేవి కొన్నే. పార్లమెంటు గానీ రాష్ట్ర శాసనసభ గానీ చేసిన చట్టంతో ఏర్పడిన విశ్వవిద్యాలయం, మూడో సెక్షన్ కింద డీమ్డ్ హోదా, అంటే విశ్వవిద్యాలయంతో సమానమనే గుర్తింపు, పొందిన సంస్థ, పట్టాలివ్వడానికి పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థ. ఇంతే. 23వ సెక్షన్ ఇంకో మాట కూడా చెబుతుంది: ఈ కోవలోకి రాని సంస్థ తన పేరులో విశ్వవిద్యాలయం అనే మాటే పెట్టుకోకూడదు.

ఈ రకాలన్నీ చూడటానికి మనం మన సీమ దాటి వెళ్లనక్కర్లేదు. రాష్ట్ర చట్టంతో వచ్చినవి అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, జేఎన్‌టీయూ, కడపలో యోగి వేమన, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం, డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం. కర్నూలులోనే మూడు ప్రభుత్వ కళాశాలలను కలిపి క్లస్టర్ విశ్వవిద్యాలయం చేశారు. సిల్వర్ జూబ్లీ కళాశాల అందులోదే. కేంద్ర చట్టం కింద నడిచేది అనంతపురంలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం, 2018లో మొదలైంది. డీమ్డ్ హోదాకు పుట్టపర్తిలోని శ్రీ సత్యసాయి ఉన్నత విద్యాసంస్థ ఉదాహరణ. కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీద ఉన్న ట్రిపుల్ ఐటీ డిజైన్ అండ్ మాన్యుఫాక్చరింగ్ సంస్థ పార్లమెంటు చట్టం వల్ల తన పట్టా తానే ఇస్తుంది.

ఇక్కడ ఒక గందరగోళం ప్రతి ఏడాదీ చూస్తాను. ఇడుపులపాయలో ఉన్నదాన్ని కూడా జనం ట్రిపుల్ ఐటీ అనే పిలుస్తారు. అది రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రాంగణం. రాష్ట్ర ప్రభుత్వానిది, పదో తరగతి కాగానే చేర్చుకుంటారు, రెండేళ్లు ఇంటర్‌కు సమానమైన పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు. జగన్నాథగట్టు సంస్థ కేంద్రానిది, ఇంటర్ తర్వాత జేఈఈ మెయిన్ ర్యాంకుతో చేరాలి. పేరు ఒకటే అనిపించి పదో తరగతి పిల్లను జగన్నాథగట్టుకు తీసుకెళ్లిన తండ్రి నాకు తెలుసు.

ఇప్పుడు కర్నూలులోని ఇంజనీరింగ్ కళాశాలల సంగతి చూడండి. కుర్రాడు చదివేది కర్నూలులో. కానీ కాలేజీ అనంతపురం జేఎన్‌టీయూకు అనుబంధమైతే పట్టా అనంతపురం నుంచి వస్తుంది. 1946లో మొదలైన పాత ఇంజనీరింగ్ కళాశాల చుట్టూ పెరిగి 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయమైంది అది. అలాగే బుధవారపేటలోని కర్నూలు వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ చదివితే పట్టా ఇచ్చేది విజయవాడలోని ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం.

గేటు మీద స్వయంప్రతిపత్తి అని, అటానమస్ అని రాసి ఉంటే తల్లిదండ్రులు అదే విశ్వవిద్యాలయం అనుకుంటారు. కాదు. అటానమస్ కాలేజీ తన సిలబస్ తానే రాసుకుంటుంది, పరీక్షలు తానే పెడుతుంది, మార్కులు తానే వేస్తుంది. పట్టా మాత్రం మాతృ విశ్వవిద్యాలయమే ఇస్తుంది, కాలేజీ పేరు అందులో ఉంటుంది. దీని వల్ల మేలు ఉంది, ఫలితాలు త్వరగా వస్తాయి, పాఠాలు కాలానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. నా అభిప్రాయం అడిగితే, పరీక్షల విభాగం గట్టిగా ఉన్న అటానమస్ కాలేజీ పిల్లలకు నిజంగా వరం. ఆ విభాగం ఎలా నడుస్తోందో అక్కడ రెండో సంవత్సరం చదివే పిల్లలను అడిగితే దాపరికం లేకుండా చెబుతారు.

ప్రైవేట్ విశ్వవిద్యాలయాలూ రాష్ట్ర చట్టంతోనే వస్తాయి, మన రాష్ట్రంలో దానికి 2016లో చట్టం చేశారు. వాటి పట్టా చెల్లుతుంది. అయితే వాటికి బయటి కాలేజీలను అనుబంధం చేసుకునే హక్కు లేదు. కాబట్టి మీ ఊళ్లో ఎవరైనా రెండు గదులు అద్దెకు తీసుకుని, ఫలానా ప్రైవేట్ విశ్వవిద్యాలయానికి మేము అనుబంధ కళాశాల అని చెబితే, ఆ మెట్లు ఎక్కకండి. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో చేసిన ఒక చట్టాన్ని అడ్డుపెట్టుకుని వందకు పైగా ప్రైవేట్ విశ్వవిద్యాలయాలు కాగితాల మీద పుట్టుకొచ్చాయి. ప్రొఫెసర్ యశ్‌పాల్ వేసిన కేసులో 2005లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కీలక సెక్షన్లను కొట్టేసింది. రాష్ట్ర చట్టంతో పుట్టిన విశ్వవిద్యాలయం రాష్ట్రం దాటి శాఖలు తెరవడం కుదరదని కూడా ఆ తీర్పు తేల్చింది.

అనుమతుల సంగతి

పట్టా హక్కు ఉన్నంత మాత్రాన ఏ కోర్సయినా నడపవచ్చని కాదు. వృత్తి చదువులకు వేరే కాపలాదారులున్నారు. ఇంజనీరింగు, ఎంబీఏలకు ఏఐసీటీఈ, అంటే అఖిల భారత సాంకేతిక విద్యామండలి. 2024-25 నుంచి బీబీఏ, బీసీఏలను కూడా దాని కిందకే తెచ్చారు. బీఈడీకి ఉపాధ్యాయ విద్యామండలి ఎన్‌సీటీఈ, ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్, న్యాయవిద్యకు బార్ కౌన్సిల్, వైద్యానికి 2020 నుంచి జాతీయ వైద్య కమిషన్, నర్సింగుకు నర్సింగ్ కౌన్సిల్. బీఏ, బీఎస్సీ, బీకాంలకు ఇలాంటి కౌన్సిల్ ఉండదు, విశ్వవిద్యాలయం అనుబంధమే చాలు. యూజీసీ, ఏఐసీటీఈ లాంటివాటిని కలిపి ఒకే కమిషన్ పెట్టాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది, వైద్యం, న్యాయం మినహా. అది ఎప్పుడు ఏ రూపంలో వచ్చినా మీరు అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

అనుబంధం కోర్సువారీగా ఇస్తారు. ఇది జనానికి బొత్తిగా తెలియదు. మా ఆఫీసులో నేను ఎక్కువ భయపడిన రోజులు తనిఖీ బృందం వచ్చే రోజులే. విశ్వవిద్యాలయం నుంచి ముగ్గురు నలుగురు ప్రొఫెసర్లు వచ్చి ల్యాబులో సూక్ష్మదర్శినులు లెక్కపెట్టేవారు, లైబ్రరీ రిజిస్టరులో చివరి ఎంట్రీ తేదీ చూసేవారు, అధ్యాపకుల అర్హతల ఒరిజినల్స్ అడిగేవారు. ఒక సంవత్సరం మా బీఎస్సీలో కొత్త కాంబినేషనుకు ల్యాబు సరిపోదని రాసి వెళ్లిపోయారు. కాలేజీకి అనుబంధం ఉంది, ఆ కాంబినేషనుకు లేదు. అప్పటికే పేరు ఇచ్చిన పదకొండు మంది పిల్లల ఇళ్లకు నేనే ఫోన్లు చేసి వేరే గ్రూపులోకి మార్పించాను. అన్ని ఆఫీసుల్లోనూ అలా ఫోన్లు చేస్తారని నేను హామీ ఇవ్వలేను. అందుకని, కాలేజీకి అనుబంధం ఉందా అని కాకుండా, ఈ కోర్సుకు, ఇన్ని సీట్లకు, ఈ విద్యాసంవత్సరానికి అనుబంధం ఉందా అని అడగండి.

న్యాక్ గ్రేడు అనుమతి పత్రం కాదు. బెంగళూరు కేంద్రంగా 1994 నుంచి పనిచేస్తున్న న్యాక్ కాలేజీ నాణ్యతను చూసి గ్రేడు ఇస్తుంది, మామూలుగా దాని గడువు ఐదేళ్లు. ఫ్లెక్సీ మీద గ్రేడు పెద్ద అక్షరాలతో ఉంటుంది, గడువు తేదీ ఉండదు. అది అడిగి తెలుసుకోవాలి.

మా తమ్ముడి ఫైలు

ఇది నేను ఇంట్లోవాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. మా తమ్ముడు డిప్లొమా చేసి ప్రభుత్వ శాఖలో చిన్న ఇంజనీరింగు ఉద్యోగంలో ఉండేవాడు. బీటెక్ ఉంటే ప్రమోషన్ వస్తుంది. 2006లో రాజ్‌విహార్ సెంటర్ దగ్గర, మందుల షాపు పైఅంతస్తులో ఒక స్టడీ సెంటర్ కనిపించింది. వేరే రాష్ట్రంలోని సంస్థ దూరవిద్యలో బీటెక్ ఇస్తుందని బోర్డు. ఆదివారాల్లో తరగతులు. నన్ను అడిగాడు. నేను అప్పటికే పదహారేళ్లుగా కాలేజీ ఆఫీసులో ఉన్నాను. ఆ సంస్థ పేరు యూజీసీ జాబితాలో ఉందా అని మాత్రం చూశాను, ఉంది. చాలనుకున్నాను. దూరవిద్యలో బీటెక్ నడపడానికి ఏఐసీటీఈ అనుమతి ఉందా అని అడగాలని నాకు తట్టలేదు.

వాడు నాలుగేళ్లు నైట్ డ్యూటీలు చేసి, ఆదివారాలు పిల్లలను వదిలి చదివాడు. పాసయ్యాడు. పట్టా చక్కగా, మందపాటి కాగితం మీద బంగారు ముద్రతో వచ్చింది. ప్రమోషన్ పరిశీలనలో ఆ పట్టాకు ఎదురుగా పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టి ఫైలు పక్కన పెట్టారు. ఆ తర్వాత 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఏఐసీటీఈ అనుమతి లేకుండా డీమ్డ్ సంస్థలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగు పట్టాలు చెల్లవని ఆ తీర్పు సారం. మా తమ్ముడు ఆ రోజు పేపరు మడిచి ఫైల్లో పెట్టాడు. ఇప్పటికీ అందులోనే ఉంది.

ఆ ఫైలు గుర్తొచ్చినప్పుడల్లా నా కడుపు తరుక్కుపోతుంది. అందుకే దూరవిద్య గురించి ఎవరు అడిగినా రెండుసార్లు చెబుతాను. ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు, ఫార్మసీ, న్యాయశాస్త్రం దూరవిద్యలో చదవడానికి అనుమతి లేదు. బీఏ, బీకాం, ఎంఏ, ఎంకాం లాంటివి చదవవచ్చు. యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి ఆ సంస్థకు, ఆ కోర్సుకు, మీరు చేరే సంవత్సరానికి ఉండాలి. ఈ మూడూ కలిస్తే ఆ పట్టా రెగ్యులర్ పట్టాతో సమానం, ఎవరూ చిన్నచూపు చూడటానికి వీల్లేదు. 1985లో వచ్చిన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా డిగ్రీలు చేసి మంచి ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు. డిప్లొమా పిల్లలు నిజంగా బీటెక్ చేయాలనుకుంటే ఈసెట్ రాసి రెండో సంవత్సరంలో నేరుగా చేరే దారి ఉంది. మా తమ్ముడికి నేను ఆ దారి చూపించాల్సింది.

మెట్లు, క్రెడిట్లు

ఇప్పుడు కొత్తగా వచ్చిన లెక్క. ఏ చదువు ఏ మెట్టు మీద ఉందో దేశమంతటికీ ఒకే కొలత ఉండాలని 2023లో రెండు చట్రాలు తెచ్చారు, క్రెడిట్లకు ఒకటి, ఉన్నత విద్యార్హతలకు ఒకటి. ఇంటర్ నాలుగో మెట్టు. డిగ్రీ మొదటి సంవత్సరం పూర్తయితే 4.5, రెండేళ్లకు 5, మూడేళ్ల డిగ్రీకి 5.5, నాలుగేళ్ల ఆనర్సుకు 6. ఎంఏ, ఎంఎస్సీ 6.5. ఎంటెక్ 7. పీహెచ్‌డీ 8. ఒక్కో సంవత్సరానికి సుమారు 40 క్రెడిట్లు. క్రెడిట్ అంటే 30 గంటల చదువు, ల్యాబు, పని అన్నీ కలిపి. మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్సుకు 160. నాలుగేళ్లు చదివినవాళ్లకు పీజీ ఒక్క సంవత్సరంలో అయిపోయే వీలుంది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం వస్తే పీజీ లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత.

అంకెలు చూసి భయపడకండి. ఇవి ఎవరికి పనికొస్తాయో ఒక అమ్మాయి ద్వారా నాకు అర్థమైంది. పత్తికొండ వైపు పల్లె. తండ్రి టమాటా రైతు. డిగ్రీ మొదటి సంవత్సరం అన్ని పేపర్లూ పాసైంది, ఇంతలో తండ్రికి జబ్బు చేసి చదువు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. మా కాలంలో అయితే అలాంటి పిల్లకు రెండు సెమిస్టర్ల మెమోలు తప్ప ఏమీ మిగిలేది కాదు. టీసీ రాసి చేతిలో పెట్టేవాళ్లం, తల వంచుకుని వెళ్లిపోయేది. ఎందరికి అలా రాశానో. ఇప్పుడు మొదటి సంవత్సరం క్రెడిట్లతో పాటు వేసవిలో నాలుగు క్రెడిట్ల వృత్తి కోర్సో ఇంటర్న్‌షిప్పో పూర్తిచేస్తే సర్టిఫికెట్ ఇవ్వాలన్నది జాతీయ నిబంధన. సంపాదించిన క్రెడిట్లు 2021లో మొదలుపెట్టిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో దాచి ఉంటాయి. మూడేళ్లలోపు తిరిగి చేరి, మొత్తం ఏడేళ్లలోపు డిగ్రీ ముగించవచ్చు.

ఆ బ్యాంకులో ఆ అమ్మాయి ఖాతా తెరవడానికి మా వరండాలో కూర్చున్నాం. ఫోన్లో ఆధార్ నంబరు కొట్టి, ఓటీపీ పెడితే పేరు కలవలేదని వచ్చింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, అదీ చివర్లో. కాలేజీ రికార్డులో మూడో రకంగా ఉంది. ఒకే అమ్మాయి, మూడు పేర్లు. పదో తరగతి మెమోనే అన్నిటికీ మూలం. దాన్ని చూసే ఇంటర్ మెమో, ఆ రెండూ చూసే డిగ్రీ పట్టా రాస్తారు. కాబట్టి ఆధార్‌ను మెమోకు తగ్గట్టు మార్పించాం, మెమోను ఆధార్‌కు తగ్గట్టు మార్చాలని చూడలేదు. పది రోజులకు మారింది. మర్నాడు పన్నెండంకెల అపార్ నంబరు, అంటే క్రెడిట్ల ఖాతాకు ముడిపడిన విద్యార్థి గుర్తింపు సంఖ్య, వచ్చింది. "పెద్దమ్మా, నా మార్కులు కనిపిస్తున్నాయి" అని ఫోను నా ముఖం దగ్గర పెట్టింది. రెండు సెమిస్టర్ల క్రెడిట్లు వరసగా ఉన్నాయి. మీ పిల్లల పేర్లు ఇంటర్ సెలవుల్లోనే సరిచూసుకోండి, అడ్మిషన్ల హడావుడిలో ఈ పని జరగదు.

ప్రవేశాలు, స్థానికత

ఇంజనీరింగు, వ్యవసాయం, ఫార్మసీలకు ఈఏపీసెట్, ఎంబీఏ, ఎంసీఏలకు ఐసెట్, బీఈడీకి ఎడ్‌సెట్, న్యాయవిద్యకు లాసెట్. వీటన్నిటినీ రాష్ట్ర ఉన్నత విద్యామండలి తరఫున ఏదో ఒక విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీలకు 2022 నుంచి క్యూట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంది, వైద్యానికి నీట్. మామూలు డిగ్రీకి ప్రవేశ పరీక్ష లేదు, ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్‌లో సీట్లు కేటాయిస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడే కుటుంబాలు ప్రభుత్వ కౌన్సెలింగు ద్వారా వచ్చే కన్వీనర్ కోటా సీటు దాటి వెళ్లకూడదని నేను గట్టిగా చెబుతాను. మేనేజ్‌మెంట్ కోటాలో చేర్చుకుని, రీయింబర్స్‌మెంట్ తర్వాత చూద్దాం లెండి అనే మాట విని అప్పుల్లో పడ్డ ఇళ్లు చాలా చూశాను.

స్థానికత గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కర్నూలు నుంచి హైదరాబాదు దగ్గర. చాలామంది తొమ్మిదో తరగతి నుంచే పిల్లలను అక్కడి హాస్టళ్లలో వేస్తారు. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం సీట్లలో 85 శాతం స్థానికులకు. పాత కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలన్నీ శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాంతంలోకి వస్తాయి. ఇంటర్‌తో ముగిసే వరస నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ స్థానికుడు. ఏ ఒక్క ప్రాంతంలోనూ నాలుగేళ్లు నిండకపోతే ఏడేళ్ల లెక్క తీస్తారు. మా ఎదురింటి అబ్బాయి తొమ్మిది నుంచి ఇంటర్ దాకా హైదరాబాదులోనే చదివాడు, పుట్టింది, పెరిగింది కర్నూలులోనే అయినా కౌన్సెలింగులో ఆ నాలుగేళ్లే మాట్లాడాయి. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు ఏ ఏడాదికి ఆ ఏడాది తీసి పెట్టుకోండి. చిన్న ప్రైవేట్ స్కూళ్లు మూతపడితే ఆ కాగితం కోసం మండల విద్యాశాఖ ఆఫీసు చుట్టూ తిరగాలి.

ఫీజు కట్టే ముందు ఒక గంట

కరపత్రం ముందు పెట్టుకుని ఫోను తీయండి. పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం పేరు యూజీసీ వెబ్‌సైటులో వెతకండి. అక్కడే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా కూడా ఉంటుంది, అందులో లేదని నిర్ధారించుకోండి. తర్వాత ఆ విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఈ ఏడాది అనుబంధ కళాశాలల జాబితా తెరిచి, కాలేజీ పేరు, కోర్సు, సీట్ల సంఖ్య చూడండి. వృత్తి కోర్సయితే కౌన్సిల్ వెబ్‌సైటు కూడా. కనిపించకపోతే కాలేజీకి వెళ్లి అనుబంధం ఉత్తర్వు నకలు చూపించమనండి. సరైన కాలేజీ ఆఫీసులో అది బీరువా పైఅరలోనే ఉంటుంది, రెండు నిమిషాల్లో తీసిస్తారు. "సార్ ఊళ్లో లేరు, వచ్చే వారం రండి, ఈలోగా అడ్వాన్సు కట్టండి" అన్నారంటే అడ్వాన్సు కట్టకుండా ఇంటికి రండి.

ఒరిజినల్స్ ఎవరికీ వదిలి రావద్దు. చేరే రోజు చూపించి, సరిచూశాక వెనక్కి తీసుకోవాలి. కాలేజీ వాటిని తన దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజుల ముందే మానుకుంటే ఫీజు దాదాపు మొత్తం, ఆ తర్వాత మానుకున్న రోజునుబట్టి తగ్గించి వెనక్కివ్వాలని కూడా అందులోనే ఉంది. మంచి సీటు వచ్చినా, పదో తరగతి మెమో మొదట చేరిన కాలేజీలో ఇరుక్కుపోయి కౌన్సెలింగు తేదీ దాటిపోయిన ఒక ఆడపిల్ల నా ముందు కూర్చుని ఏడ్చింది. ఆ కాలేజీ గేటు దగ్గర నేను, ఆ పిల్ల తల్లి మధ్యాహ్నం దాకా నిలబడ్డాం. ఇవ్వలేదు. తరగతి ఎంత బాగున్నా అలాంటి ఆఫీసు ఉన్న కాలేజీని నేను ఎవరికీ సిఫారసు చేయను.

చదువు ముగిశాక ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, టీసీ తీసుకుని ఆగిపోకండి. ఓడీకి ఆ ఏడాదే దరఖాస్తు చేయండి. డిజిలాకర్‌లో పట్టా వచ్చిందో లేదో చూసుకోండి. కాగితం చేతికి వచ్చాక పేరు, తండ్రి పేరు, హాల్ టికెట్ నంబరు, పాసైన నెల, సంవత్సరం కిటికీ వెలుతురులో నిదానంగా చదవండి. తప్పుంటే అప్పుడే సరిచేయించడం తేలిక. పాడవుతుందని లామినేషన్ చేయించకండి. పైచదువుకో ఉద్యోగానికో విదేశం వెళ్లేటప్పుడు పట్టా వెనకవైపు ముద్రలు వేస్తారు, ప్లాస్టిక్ మీద ముద్ర పడదు. గట్టి అట్ట ఉన్న ఫైల్లో, మడత పెట్టకుండా ఉంచండి.